ఐర్లండ్‌లో నా ఒక్కడి పేరున ఉన్న ఇంటిని భార్య సమ్మతి లేకుండా అమ్ముకోవడానికి కోర్టు ఎప్పుడు అనుమతిస్తుంది?

కృష్ణాతీరం (డబ్లిన్):

అందరికీ నమస్కారం. ఐర్లండ్ ఆస్తి చట్టాలు తెలిసినవారు ఇక్కడ కొందరు ఉన్నారని విని ఈ విషయాన్ని మీ ముందు ఉంచుతున్నాను. మా వివాహం 2015లో విజయవాడలో జరిగింది. 2017లో డబ్లిన్ శివారులోని లూకన్‌లో ఒక ఇల్లు కొన్నాను. అప్పటికి నా భార్యకు ఇక్కడ ఉద్యోగం లేకపోవడంతో బ్యాంకు రుణం నా ఒక్కడి జీతం మీదనే మంజూరైంది, ఇల్లు కూడా నా ఒక్కడి పేరుననే నమోదైంది. రుణం తీసుకున్న రోజున తనఖా కాగితాల మీద ఆమె చేత కూడా ఒకచోట సంతకం పెట్టించారు. అది ఎందుకో అప్పట్లో నేను అడగలేదు, ఎవరూ చెప్పనూ లేదు.

2022 వేసవిలో ఆమె మా అబ్బాయిని తీసుకొని విజయవాడ వెళ్లింది, మళ్లీ తిరిగి రాలేదు. విడాకులకు ఇద్దరిలో ఎవరమూ ఇంకా దరఖాస్తు చేయలేదు. ఇప్పుడు నాకు జర్మనీలో ఉద్యోగం వచ్చింది. ఇల్లు అమ్మి, బ్యాంకు అప్పు తీర్చి వెళ్లిపోవాలన్నది నా ఉద్దేశం. కొనడానికి ఒకరు ముందుకు వచ్చారు కూడా. అయితే భార్య రాతపూర్వకంగా ఒప్పుకుంటే తప్ప అమ్మకం జరగదని మా సొలిసిటర్ (ఇలాంటి వ్యవహారాలు చూసే న్యాయవాది) అంటున్నారు. ఆమెను అడిగితే సంతకం పెట్టనని చెప్పింది.

కిస్తీలన్నీ నా జీతం నుంచే కట్టాను, ఆమె ఈ ఇంట్లో ఉండడం మానేసి చాలాకాలమైంది, ఇంటి దస్తావేజులో ఆమె పేరు లేదు. ఇలాంటప్పుడు కూడా ఆమె సమ్మతి తప్పనిసరా? ఆమె నన్ను వదిలి వెళ్లింది కాబట్టి కోర్టు ఆ సమ్మతిని తప్పకుండా పక్కన పెడుతుందని తెలిసినవారొకరు చెప్పారు. అది నిజమేనా? కోర్టు ఏయే విషయాలు చూస్తుందో దయచేసి వివరించగలరు.

ఏటిగట్టు (కార్క్):

కృష్ణాతీరం గారూ, నేను ఇక్కడ ఒక సొలిసిటర్ కార్యాలయంలో ఆస్తుల బదిలీ విభాగంలో పనిచేస్తున్నాను. నేను చెప్పేది మీ సొలిసిటర్ ఇచ్చే సలహాకు బదులు కాదు, ఆయనతో మాట్లాడేటప్పుడు మీకు విషయం అర్థం కావడానికి మాత్రమే.

ముందుగా మీ మొదటి ప్రశ్న. సమ్మతి తప్పనిసరి. 1976 నాటి ఫ్యామిలీ హోమ్ ప్రొటెక్షన్ యాక్ట్‌లో సెక్షన్ 3 ప్రకారం, భార్యాభర్తలలో ఒకరు రెండవవారి ముందస్తు రాతపూర్వక సమ్మతి లేకుండా కుటుంబ నివాసంలో ఏ హక్కునైనా బయటివారికి బదిలీ చేయబోతే, చట్టంలోనే చెప్పిన కొద్దిపాటి మినహాయింపులు తప్ప, ఆ బదిలీ చెల్లదు. అక్కడ చట్టం ఇల్లు ఎవరి పేరున ఉన్నదని గాని, డబ్బు ఎవరు కట్టారని గాని అడగదు. నిజానికి ఇల్లు ఒక్కరి పేరునే ఉన్న సందర్భం కోసమే ఈ చట్టం పుట్టింది. అప్పట్లో ఐర్లండ్‌లో విడాకులే లేవు, ఇళ్లు ఎక్కువగా భర్తల పేరున ఉండేవి, భార్యకు తెలియకుండా ఇల్లు అమ్మేసినా తాకట్టు పెట్టినా ఆమెకు దిక్కు ఉండేది కాదు. ఆ లోటును పూడ్చడానికే ఈ సమ్మతి హక్కును తెచ్చారు. గమనించవలసిన సంగతి ఏమిటంటే, ఈ చట్టం ఆమెకు ఇంట్లో వాటా ఇవ్వలేదు. కాదని చెప్పే అధికారాన్ని మాత్రమే ఇచ్చింది. దాంపత్య నివాసం మీద ఇద్దరికీ సమాన హక్కు దానంతటదే కల్పించాలని 1993లో ఒక బిల్లు తెచ్చారు గాని, అది రాజ్యాంగ విరుద్ధమని 1994లో సుప్రీంకోర్టు కొట్టివేసింది. అందువల్ల ఒకరి పేరున ఉన్న ఇంటి విషయంలో రెండవవారికి ఈ సమ్మతి హక్కే ఇప్పటికీ ప్రధానమైన రక్షణ.

ఆమె ఇప్పుడు ఆ ఇంట్లో లేకపోవడం వల్ల కూడా తేడా రాదు. కుటుంబ నివాసం అంటే ఏమిటో సెక్షన్ 2 చెబుతుంది. దంపతులు సాధారణంగా నివసించే ఇల్లు మాత్రమే కాదు, ఎవరి రక్షణ ప్రశ్నలో ఉన్నదో ఆ భార్య లేదా భర్త రెండవవారిని విడిచి వెళ్లకముందు సాధారణంగా నివసించిన ఇల్లు కూడా అందులోకి వస్తుంది. లూకన్ ఇంట్లో ఆమె 2022 వరకు కాపురం చేశారు. అంతే చాలు.

అమ్మకం ఒక్కటే బదిలీ అని కూడా అనుకోవద్దు. తనఖా, అద్దె లీజు, అమ్ముతానని రాసిచ్చే క్రయ ఒప్పందం, ఇవన్నీ ఆ మాట కిందికే వస్తాయి. 2017లో బ్యాంకు ఆమె సంతకం తీసుకున్నది ఇందుకే. అలాగే ఇల్లు అమ్మకుండా అద్దెకిచ్చి జర్మనీ వెళ్దామనుకున్నా ఆమె సమ్మతి కావలసిందే. ఈ విషయం మనవారిలో చాలామందికి తెలియదు.

ఇక కోర్టు సంగతి. సెక్షన్ 4లో మూడు దారులు ఉన్నాయి. మొదటిది, సమ్మతి ఇవ్వవలసినవారు ఇవ్వకపోయినా, నిరాకరించినా, ఆ నిరాకరణ అసమంజసమని తోస్తేనే కోర్టు దానిని పక్కన పెట్టగలదు. అలా తోచకపోతే పక్కన పెట్టడానికి కోర్టుకు అధికారమే లేదు. రెండవది, సమ్మతి ఇవ్వవలసినవారు రెండవవారిని పరిత్యజించి, ఇంకా అదే స్థితిలో కొనసాగుతూ ఉంటే, కోర్టు సమ్మతిని పక్కన పెట్టి తీరాలి. మూడవది, మానసిక అశక్తత వల్ల సమ్మతి ఇవ్వలేనివారి విషయంలోను, తగినంత వెతికినా ఆచూకీ దొరకనివారి విషయంలోను, సమంజసమని తోస్తే కోర్టే వారి తరఫున సమ్మతి ఇవ్వవచ్చు. మీ భార్య ఎక్కడున్నారో మీకు తెలుసు, ఆమె స్పష్టంగా కాదన్నారు కాబట్టి మూడవ దారి మీకు లేదు. మిగిలిన రెండింటిలో మీ పరిస్థితి ఏది అన్నది ఆమె ఎందుకు వెళ్లారు, ఇప్పుడు ఎందుకు కాదంటున్నారు అన్నదాని మీద ఆధారపడి ఉంటుంది. ఆ రెండూ మీరు రాయలేదు.

సర్పవరం (గాల్వే):

అవతలి పక్కన నిలబడిన అనుభవంతో రాస్తున్నాను, కటువుగా అనిపిస్తే మన్నించండి.

కొన్నేళ్ల క్రితం నేను పిల్లలతో కాకినాడలో మా అమ్మగారింట్లో ఉన్నప్పుడు, ఇక్కడి ఇల్లు అమ్ముతున్నామని, సంతకం పెట్టి స్కాన్ చేసి పంపమని ఒక కాగితం ఈమెయిల్‌లో వచ్చింది. క్రయ ఒప్పందం మొదటి పేజీలో అమ్మేవారి సంతకానికి పైన ఒక చిన్న పేరా ఉంటుంది. అమ్మేవారి జీవిత భాగస్వామినైన నేను, 1976 చట్టం సెక్షన్ 3 నిమిత్తం, కింద పేర్కొన్న ధరకు ఈ ఆస్తి అమ్మకానికి సమ్మతిస్తున్నాను అని దాని సారాంశం. దాని కింద ఒక గీత. నాకు పంపిన కాగితంలో ధర రాయవలసిన చోటు ఖాళీగా ఉంది. ఎంతకు అమ్ముతున్నారు, అప్పు పోగా ఏం మిగులుతుంది, మిగిలినది ఎవరి ఖాతాలోకి వెళుతుంది, పిల్లలతో నేను తిరిగి వస్తే ఎక్కడ ఉంటాను అన్న వాటిలో ఒక్కదానికీ జవాబు లేదు. నేను సంతకం పెట్టలేదు. మా బంధువుల్లో కొందరు అది మొండితనమన్నారు. ఇక్కడి సొలిసిటర్ ఒకరితో ఫోన్‌లో మాట్లాడినప్పుడు మాత్రం, ఏమీ తెలియకుండా పెట్టిన సంతకం అసలు సమ్మతే కాదని, నేను అడుగుతున్న ప్రశ్నలు కోర్టు కూడా అడిగేవేనని ఆమె చెప్పారు.

ఆ తర్వాత ధర తెలియజేశారు, మిగులు సొమ్ము పంపకం తేలేవరకు సొలిసిటర్ క్లయింటు ఖాతాలోనే (కక్షిదారుల సొమ్ము విడిగా ఉంచే ఖాతా) ఉంచుతామని రాసిచ్చారు. అప్పుడు సంతకం పెట్టాను. కోర్టు దాకా వెళ్లే అవసరం రాలేదు.

కృష్ణాతీరం గారూ, మీ భార్య ఒక్క యూరో కూడా కట్టలేదన్న అర్థం మీ మాటల్లో ధ్వనిస్తోంది. పరాయి దేశంలో బిడ్డను సాకుతూ, మీరు నిశ్చింతగా ఉద్యోగం చేసుకునేలా ఇల్లు నడిపిన మనిషి ఆ ఇంటికి ఏమీ చేయలేదని అనుకోకండి. ఆమె ఏమని కాదన్నారో దయచేసి రాయండి.

కృష్ణాతీరం (డబ్లిన్):

ఇద్దరికీ కృతజ్ఞతలు. అడిగిన విషయాలు రాస్తున్నాను.

2022లో ఆమె వెళ్లింది వేసవి సెలవులకు. వెళ్లేముందు కొన్ని నెలలుగా మా మధ్య మాటలు సరిగా లేవు. కొట్టడం, బెదిరించడం వంటివి మా ఇంట్లో ఎప్పుడూ లేవు. అక్కడికి వెళ్లాక, అబ్బాయిని అక్కడే బడిలో చేర్చానని, కొంతకాలం అక్కడే ఉంటానని సందేశం పెట్టింది. నేను మొదట రమ్మని అడిగాను. తర్వాత, నీకు ఎలా మంచిదనిపిస్తే అలాగే చెయ్యి అని రాశాను. అప్పటి నుంచి ప్రతి నెలా అబ్బాయి ఖర్చులకు డబ్బు పంపుతున్నాను.

అమ్మకం గురించి ఆమె ఈమెయిల్‌లో రాసిన మాటల సారాంశం ఇది. అబ్బాయిని పై తరగతులకు మళ్లీ ఐర్లండ్ తీసుకురావాలన్న ఆలోచన తనకుంది, వాడు ఇక్కడే పుట్టాడు. ఈ ఇల్లు పోతే డబ్లిన్‌లో అద్దెకు ఇల్లు దొరకడం ఎంత కష్టమో నాకు తెలుసు. అందువల్ల ఇల్లు అమ్మగా మిగిలే సొమ్ములో తనకు, అబ్బాయికి ఏం చూపిస్తానో చెబితే తప్ప సంతకం పెట్టదు. నేను ఇంతవరకు ఆ ఈమెయిల్‌కు జవాబు ఇవ్వలేదు. సొమ్ము పంపకం విడాకుల సమయంలో చూసుకోవలసిన సంగతని, అమ్మకానికి దానితో సంబంధం లేదని నా ఆలోచన.

ఏటిగట్టు (కార్క్):

ఇప్పుడు స్పష్టత వచ్చింది. మీకు నచ్చకపోయినా, నాకు తోచినది తోచినట్టు చెబుతాను.

పరిత్యాగం దారి మీకు దొరకడం కష్టం. ఇల్లు వదిలి వెళ్లినవారందరూ పరిత్యజించినవారు కారు. కాపురం ముగించాలన్న ఉద్దేశంతో, రెండవవారి ఒప్పుదల లేకుండా, తగిన కారణం లేకుండా వెళ్లిపోతేనే అది పరిత్యాగం అవుతుంది. ఇద్దరూ ఒప్పుకొని విడిగా ఉంటే కాదు. నీకు ఎలా మంచిదనిపిస్తే అలాగే చెయ్యి అని మీరు రాసిన సందేశాన్ని ఆమె న్యాయవాది జడ్జి ముందు పెడితే, అది ఒప్పుదలగానే కనిపిస్తుంది. ఆమెకు వెళ్లడానికి తగిన కారణం ఉన్నదా లేదా అన్నది వేరే వాదన. చట్టంలో ఇంకొక సూక్ష్మం ఉంది. ఎవరి సమ్మతి కావాలో వారి ప్రవర్తన వల్లనే ఇంటి యజమాని తగిన కారణంతో ఇల్లు విడిచి బయట ఉండవలసి వస్తే, దానిని కూడా పరిత్యాగంగానే లెక్కిస్తారు. భార్య హింస భరించలేక బయటికి వచ్చిన భర్త, భర్త హింస భరించలేక వచ్చిన భార్య, ఇల్లు తమ పేరున ఉంటే ఆ వాక్యాన్ని ఆశ్రయించవచ్చు. మీ విషయం అది కాదు.

కాబట్టి మిగిలింది నిరాకరణ అసమంజసమా కాదా అన్న ప్రశ్న ఒక్కటే. ఇక్కడ జడ్జి అన్ని పరిస్థితులను చూడాలి. అందులో రెండింటిని చట్టం పేరుపెట్టి చెప్పింది. ఒకటి, భార్యాభర్తలకు, వారి మీద ఆధారపడిన పిల్లలకు ఉన్న అవసరాలు, వనరులు. రెండు, సమ్మతి ఇవ్వవలసినవారికి ప్రత్యామ్నాయ వసతి చూపిస్తే, అది తగినదేనా అన్నది. ఆ రెండవదానిలో చట్టం ఒక కొలమానం కూడా ఇచ్చింది. ఇప్పటి ఇంట్లో ఉండే హక్కు ఎంత గట్టిదో, చూపించే వసతిలో ఆ హక్కు ఎంత గట్టిదో పోల్చి చూడాలి. సొంత ఇంటికి బదులు ఏడాది అద్దె ఒప్పందం చూపిస్తే ఆ కొలతకు నిలవడం కష్టం.

మీ కేసు నేను ఆ కుర్చీలో కూర్చొని విన్నట్టయితే నాకు ఏం కనిపిస్తుంది? మీకు జర్మనీలో ఉద్యోగం ఉంది, ఆదాయం ఉంది. ఆమెకు ఆదాయం ఉన్నట్టు మీరు రాయలేదు. బిడ్డ ఆమె దగ్గర ఉన్నాడు. ఆమె కాదని ఊరుకోలేదు, ఒక షరతు పెట్టారు, ఆ షరతు అచ్చంగా సెక్షన్ 4 చూడమన్న విషయం గురించే. దానికి మీరు జవాబే ఇవ్వలేదు. ఈ స్థితిలో ఆమె నిరాకరణ అసమంజసమని చెప్పడానికి నాకు ఆధారం కనిపించదు. అదే మీరు ఒక న్యాయమైన ప్రతిపాదనను లెక్కలతో సహా రాసి పంపి, ఆమె దానిని చదవకుండానే తోసిపుచ్చితే, అప్పుడు త్రాసు మీ వైపు మొగ్గడం మొదలవుతుంది. కిస్తీలు కట్టలేక బ్యాంకు ఇంటిని స్వాధీనం చేసుకునే ప్రమాదం ముంచుకొచ్చి, ఇప్పుడే అమ్మితే ఇద్దరికీ ఎంతో కొంత మిగిలేలా ఉన్నప్పుడు కూడా నిరాకరణను సమర్థించుకోవడం కష్టమవుతుంది. మనిషి మీది కోపంతో చేసే నిరాకరణకు, తల మీది కప్పు కోసం చేసే నిరాకరణకు కోర్టులు తేడా చూస్తాయి.

పంపకం విడాకుల నాటి సంగతి అన్న మీ ఆలోచన సగమే సరైనది. ఇక్కడి చట్టంలో, 2019 సవరణ తర్వాత, గడచిన మూడేళ్లలో రెండేళ్లు విడివిడిగా ఉన్నవారు మిగతా షరతులు కూడా నెరవేరితే విడాకులు కోరవచ్చు. 1996 నాటి విడాకుల చట్టం కింద ఇంటిని అమ్మించే అధికారం, బదిలీ చేయించే అధికారం, ఇంట్లో ఉండే హక్కు ఒకరికి ఇచ్చే అధికారం కోర్టుకు ఉన్నాయి. అవన్నీ కలిపి ఒకే చోట తేల్చగలిగినప్పుడు, ఇంటి సంగతి మాత్రం విడదీసి ముందే తేల్చమంటే ఏ జడ్జికైనా సందేహం కలుగుతుంది. అంతేకాదు, దావా సాగుతుండగా సొమ్మును దేశం దాటించి ఆమెకు అందకుండా చేస్తున్నారన్న అనుమానం వస్తే, అలాంటి బదిలీలను ఆపే అధికారం కూడా ఆ చట్టంలోనే ఉంది.

ఆమె సమ్మతి ఇచ్చినా, అది విషయం తెలిసి ఇచ్చినదై ఉండాలి. 1995లో బ్యాంక్ ఆఫ్ ఐర్లండ్, స్మిత్ కేసులో, తాను సంతకం పెడుతున్న తనఖా పొలానికే గాని ఇంటికి వర్తించదని భార్య అనుకున్నందువల్ల ఆ సమ్మతి చెల్లదని సుప్రీంకోర్టు తేల్చింది. అందుకే ఆమెను తన సొంత సొలిసిటర్‌తో మాట్లాడనివ్వండి. ఆ ఫీజు మీరే భరించడం మీకే క్షేమం.

ఓరుగల్లు వకీలు (హన్మకొండ):

ఇండియా వైపు సంగతులు నేను చెబుతాను. ఇక్కడ న్యాయవాదిగా ఉన్నాను, విదేశాల్లోని మనవారి కుటుంబ దావాలు తరచుగా చూస్తుంటాను.

కృష్ణాతీరం గారి అయోమయం ఎక్కడిదో నాకు అర్థమవుతోంది. మన దగ్గర స్వార్జితమైన ఇల్లు భర్త పేరున ఉంటే, సబ్‌రిజిస్ట్రార్ కార్యాలయంలో భార్య సమ్మతి అడిగే చట్టం లేదు. భార్య సంతకం సాక్షిగానో, రేపు తగాదా రాకుండా ఉండడానికో తీసుకుంటారు తప్ప, అది లేకపోతే అమ్మకం చెల్లకుండా పోదు. అలాగని భార్యకు ఏ రక్షణా లేదనుకోరాదు. 2005 నాటి గృహహింస నిరోధక చట్టంలో సెక్షన్ 17 ఉమ్మడిగా కాపురం చేసిన ఇంట్లో ఉండే హక్కును గుర్తిస్తుంది. గృహహింస జరిగిందని మేజిస్ట్రేటుకు నమ్మకం కలిగితే, ఆ ఇంటిని అమ్మకుండా, తాకట్టు పెట్టకుండా సెక్షన్ 19 కింద ఉత్తర్వు ఇవ్వవచ్చు. అంటే ఇక్కడ ఆపమని భార్య కోర్టుకు వెళ్లాలి, ఐర్లండ్‌లో అమ్ముతానని భర్త కోర్టుకు వెళ్లాలి. భారం మోసేవారు మారిపోతారు. ఇల్లు లూకన్‌లో ఉంది కాబట్టి ఆ ఇంటి అమ్మకానికి ఐర్లండ్ చట్టమే వర్తిస్తుంది, పెళ్లి విజయవాడలో జరిగిందన్నది దానిని మార్చదు.

మీరు డబ్లిన్‌లో దరఖాస్తు వేస్తే, ఆ కాగితాలు విజయవాడలో ఆమెకు సక్రమంగా అందాలి. రెండు దేశాలూ నోటీసుల అందజేతకు సంబంధించిన హేగ్ ఒప్పందంలో ఉన్నాయి. అయితే విదేశీ కోర్టు కాగితాలను నేరుగా పోస్టులో పంపడానికి భారతదేశం అభ్యంతరం తెలిపింది. ఢిల్లీలోని న్యాయ మంత్రిత్వ శాఖ ద్వారా, అక్కడి నుంచి స్థానిక కోర్టు ద్వారా రావాలి. దీనికి నెలలు పడతాయి. ఆమె డబ్లిన్‌లో ఒక సొలిసిటర్‌ను పెట్టుకొని, కాగితాలు ఆయన ద్వారా తీసుకోవడానికి ఒప్పుకుంటే ఈ ఆలస్యం ఉండదు. సంతకానికి ఒప్పుకునేవారైతే ఆమె ఐర్లండ్ రావలసిన అవసరం కూడా లేదు. ఇక్కడే నోటరీ ముందు సంతకం చేయవచ్చు, అవతలి పక్షం కోరితే అపోస్టిల్ (పత్రం విదేశంలో చెల్లడానికి వేసే అధికారిక ధ్రువీకరణ) కూడా వేయించవచ్చు. ఏ రూపంలో కావాలో మీ సొలిసిటర్ ముందే రాసి పంపాలి.

ఇంకొక హెచ్చరిక. కొందరు విజయవాడలో త్వరగా విడాకులు తెచ్చుకుంటే భార్య అన్న సంబంధమే ఉండదు, సమ్మతి గొడవ తీరిపోతుందని సలహా ఇస్తారు. ఐర్లండ్‌లో విదేశీ విడాకులకు గుర్తింపు సాధారణంగా భార్యాభర్తల్లో ఎవరికైనా ఆ దేశంలో డొమిసైల్ (చట్టం దృష్టిలో శాశ్వత నివాసం) ఉన్నదా అన్నదాని మీద ఆధారపడుతుందని ఏటిగట్టు గారి వంటివారి దగ్గర విన్నాను. గుర్తింపు దొరికినా ఆమెకు ఐర్లండ్ కోర్టును ఆశ్రయించే దారి మూసుకుపోదు కదా?

ఏటిగట్టు (కార్క్):

వకీలు గారు చెప్పినది నిజం. 1986 చట్టం ప్రకారం గుర్తింపు డొమిసైల్ మీదనే ఆధారపడుతుంది. అది పాస్‌పోర్టు, వీసాల సంగతి కాదు, శాశ్వతంగా ఎక్కడ స్థిరపడాలనుకున్నారన్న సంగతి. గుర్తింపు పొందిన విదేశీ విడాకుల తర్వాత కూడా, 1995 నాటి ఫ్యామిలీ లా యాక్ట్ కింద, ఇక్కడి కోర్టు అనుమతి తీసుకొని ఆస్తి విషయంలో ఉపశమనం కోరవచ్చు. కాబట్టి అది దగ్గరి దారి కాదు.

సర్పవరం (గాల్వే):

ఒక చిన్న మాట కలుపుతాను. పెళ్లి చేసుకోకుండా కలిసి ఉన్నవారికి ఈ సమ్మతి హక్కు లేదని, రిజిస్టరైన సివిల్ పార్ట్‌నర్లకు (పెళ్లి కాకుండా తమ బంధాన్ని చట్టబద్ధంగా నమోదు చేసుకున్న జంటలకు) మాత్రం 2010 చట్టం కింద ఇలాంటిదే ఉందని నాకు చెప్పారు. ఇక్కడ చదువుతున్న యువతీయువకులు ఇది గుర్తుంచుకోవాలి. ఇంకా, ఖర్చు భరించలేని స్త్రీలు లీగల్ ఎయిడ్ బోర్డును సంప్రదించవచ్చు. ఆదాయాన్ని బట్టి సహాయం ఇస్తారు. కృష్ణాతీరం గారూ, ఈ సంగతి మీ భార్యకు మీరే తెలియజేస్తే, మీరు ఆమెను మోసగించడానికి చూడడం లేదన్న నమ్మకం ఆమెకు కలుగుతుంది.

కృష్ణాతీరం (డబ్లిన్):

అందరి మాటలూ రెండుసార్లు చదివాను. ఆమె ఈమెయిల్‌కు ఈ వారంలోనే జవాబు రాస్తాను. బ్యాంకు బాకీ ఎంత ఉన్నదో రాతపూర్వకంగా తీసుకొని, మిగిలేది ఎంతో లెక్క వేసి, అందులో ఎంత భాగం ఆమె పేరున, అబ్బాయి కోసం పక్కన పెట్టగలనో స్పష్టంగా చెబుతాను. ఆమె సొలిసిటర్ ఫీజు కూడా భరిస్తానని రాస్తాను.

చివరిగా ఒక ప్రశ్న. కొనేవారు తొందరపడుతున్నారు. ఇప్పుడు క్రయ ఒప్పందం మీద సంతకం చేసి, ఆమె సమ్మతి గాని కోర్టు ఉత్తర్వు గాని తర్వాత తెచ్చుకుంటే సరిపోతుందని ఎస్టేట్ ఏజెంట్ అంటున్నారు. చేయవచ్చా?

ఏటిగట్టు (కార్క్):

చేయవద్దు. చట్టంలో ఉన్న మాట ముందస్తు సమ్మతి. పైన చెప్పినట్టు, అమలు చేయదగిన క్రయ ఒప్పందం కూడా బదిలీ అన్న నిర్వచనంలోకే వస్తుంది. అందువల్ల సమ్మతి ఒప్పందానికే ముందు ఉండాలి, రిజిస్ట్రేషన్‌కు ముందు ఉంటే చాలదు. 1979లో సుప్రీంకోర్టు తీర్పు చెప్పిన సోమర్స్ కేసు మాకు మొదటి పాఠంగా చెబుతారు. అక్కడ భార్య విడిగా ఉంటోంది. ఆమెకు ఇంటితో సంబంధం లేదన్నట్టు భర్త ఇచ్చిన ప్రమాణపత్రాన్ని కొనేవారి తరఫు సొలిసిటర్ నమ్మి, ఆమెను విచారించకుండానే కొనుగోలు పూర్తి చేయించారు. ఆ బదిలీ చెల్లదని కోర్టు తేల్చింది. జరిగిపోయిన అమ్మకానికి వెనక్కి వెళ్లి సమ్మతిని మినహాయించడం కుదరదు. నష్టపోయినది డబ్బు పెట్టి కొన్నవారు. అందుకే ఇప్పుడు కొనేవారి తరఫు సొలిసిటర్లు వివాహ ధ్రువపత్రం, ప్రమాణపత్రం, సమ్మతి సంతకం చేతికి అందనిదే కదలరు. మీ ఏజెంట్ ఏం చెప్పినా, ఆ పక్షం సొలిసిటర్ ఒప్పుకోరు.

ఉన్న పరిస్థితిని కొనేవారికి దాచకుండా చెప్పి, సమ్మతి వచ్చేవరకు ఆగగలరా అని మీ సొలిసిటర్ ద్వారా అడిగించండి. ఆగకపోతే ఆ బేరాన్ని పోనివ్వండి. మీ ప్రతిపాదన ఆమెకు పంపే ముందు మీ సొలిసిటర్‌కు చూపించి, దాని నకలు, ఆమె ఇచ్చే ప్రతి జవాబు తేదీలతో సహా భద్రపరచండి. ఆమె ఒప్పుకుంటే అవే సమ్మతి పత్రానికి ఆధారమవుతాయి. ఒప్పుకోకపోతే, సర్క్యూట్ కోర్టులో సెక్షన్ 4 దరఖాస్తుతో వేసే అఫిడవిట్‌కు జతచేయవలసినవి కూడా అవే.